ఊరు మారే ముందు

పామాయిల్ తోటల నీడన, అడవి గాలి పీలుస్తూ పెరిగిన అశ్వారావుపేట బిడ్డలు చదువు కోసం, ఉపాధి కోసం హైదరాబాద్ బాట పడుతున్నారు. అద్దె ఎంత, బడి ఎంత దూరం అని విచారిస్తాం. పసివాడు పీల్చబోయే గాలి గురించీ, ఆడపిల్ల ఇల్లు చేరే దారి గురించీ విచారిస్తున్నామా?

గాలి నాణ్యత సూచీ 50 లోపు ఉంటే మేలు. 200 దాటితే ఎక్కువసేపు పీల్చేవారికి ఊపిరి ఇబ్బంది. చలికాలంలో పొగ, ధూళి నేలకు దగ్గరగా నిలిచిపోతాయి కనుక వర్షాకాలపు అంకె చూసి నిశ్చింత పడరాదు. ఒకే నగరమైనా పటాన్‌చెరు పారిశ్రామికవాడ గాలి వేరు, చెట్లున్న వీధి గాలి వేరు.

నేరాల లెక్కలోనూ మెలకువ అవసరం. అది నమోదైన కేసుల లెక్క మాత్రమే. ఫిర్యాదు స్వీకరించే ఠాణా ఉన్నచోట అంకె పెరగవచ్చు. భయంతో నోరు మెదపని చోట తగ్గవచ్చు.

కాబట్టి అడ్వాన్సు చెల్లించకముందే ఆ వీధిలో ఫజ్ర్ వేళ ఒకసారి, ఇషా తర్వాత ఒకసారి నడిచి చూద్దాం. అక్కడి స్త్రీలను మన ఇంటి స్త్రీలే అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే అద్దె కాస్త ఎక్కువైనా గాలికే ప్రాధాన్యం ఇవ్వాలి. ఇంటికంటే ముందు ఇరుగుపొరుగును చూడమన్న పెద్దల మాట అద్దె ఇంటికీ వర్తిస్తుంది.