చేతిరాత మారిందా... కళ్లు చూపించండి!

మొన్నటిదాకా ముత్యాల్లా రాసిన పిల్లాడి అక్షరాలు ఉన్నట్టుండి వంకరపోతాయి. మాట ముద్దగా వస్తుంది. అన్నం ముద్ద నోటిదాకా వెళ్లేలోపు చెయ్యి వణుకుతుంది. అయినదానికీ కానిదానికీ కోపం! బళ్లో మేష్టారు ‘శ్రద్ధ లేదండీ’ అంటారు. మనం సెల్‌ఫోన్‌ని తిడతాం. ఎదురింటి పెద్దావిడ ‘గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించమ్మా’ అంటుంది. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని మాత్రం ఎవరికీ తట్టదు. రాతకీ కంటికీ ఏం సంబంధం?

ఉంది. దాని పేరు విల్సన్ వ్యాధి. సుమారు 30 వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మనం తినే తిండిలో రవ్వంత రాగి ఉంటుంది (లోహం సంగతండీ, రాగులకీ దీనికీ సంబంధం లేదు). ఒంటికి కావలసింది పోగా మిగిలినదాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. ఆ పని చూసే జన్యువు చెడితే రాగి లోపలే ఉండిపోయి మొదట కాలేయంలో, తర్వాత మెదడులో పేరుకుంటుంది. కంట్లో నల్లగుడ్డు అంచునా చేరి వలయం కడుతుంది. వణుకూ మాట తడబాటూ మొదలైనవాళ్లలో చాలామందికి అది ఉంటుంది. స్లిట్ ల్యాంప్‌తో చూస్తే తెలుస్తుంది. ఆపైన రక్తంలో సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి పరీక్షలు.

కొందరిలో ముందుగా కామెర్లు కనిపిస్తాయి. కామెర్లంటే మనకి పసరు మందే కదా! తగ్గిందనుకోవడం, మళ్లీ రావడం, మళ్లీ పసరు... ఈలోగా కాలేయం గట్టిపడిపోతుంది. పిల్లలకి పదేపదే కామెర్లొచ్చి కారణం తేలకపోతే ఈ జబ్బు పేరు డాక్టరు దగ్గర మీరే ఎత్తండి. తప్పేం లేదు.

అరుదైన జబ్బనగానే 2021లో వార్తల్లో మోగిన 16 కోట్ల ఇంజెక్షను గుర్తొస్తుంది. అన్నీ అలాంటివి కావు. 1912లో లండన్‌లో డాక్టర్ కినియర్ విల్సన్ ఈ జబ్బు గురించి రాసేనాటికి మందు లేదు. 1956లో జాన్ వాల్ష్ అనే డాక్టరు పెన్సిలమిన్‌తో రాగిని మూత్రంలో బయటికి పంపవచ్చని చూపించాడు. తర్వాత మరికొన్ని మందులొచ్చాయి. వేల రకాల అరుదైన జబ్బుల్లో మందున్నవి బహుకొద్ది. మందుండీ బిడ్డ మంచాన పడితే అంతకన్నా అన్యాయం ఏముంటుంది?

కాకపోతే మందు జీవితాంతం వాడాలి. కాస్త కోలుకోగానే ఆపేస్తారు చూడండి, ప్రాణం మీదికొచ్చేది అక్కడే. కొందరికి మొదట్లో వణుకు పెరగొచ్చు. అప్పుడూ సొంతంగా ఆపకుండా డాక్టర్ని కలవాలి. ఆడపిల్లయితే మరో చిక్కు. పెళ్లి చెడుతుందని జబ్బు దాస్తారు, అత్తారింట్లో ఎవరైనా చూస్తారని ఆ పిల్ల మాత్రలు మానేస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు కూడా మందు ఆపకూడదు, డాక్టరు మోతాదు చూసి మారుస్తారు. పెళ్లికి ముందే అవతలివాళ్లకి చెప్పేయడం కష్టమే. దాచిపెట్టి మాత్రలు మానిపించడం కన్నా నయం.

ఇంట్లో ఒకరికి తేలిందా... తోడబుట్టినవాళ్లందరికీ, రాయిలా ఉన్నా సరే, పరీక్ష చేయించాలి. ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. లక్షణాలు రాకముందే మందు మొదలుపెడితే అందరిలాగే చదువుకుని బతకొచ్చు. చెడిన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే ఈ జబ్బు. కాబట్టి కోడల్ని ఆడిపోసుకోవడం దండగ! మేనరికాల్లో ఈ కలయిక ఎక్కువ.

ఆ బిడ్డకి రాగి చెంబు నీళ్లు వద్దు. మేక కార్జం, జీడిపప్పు, చాక్లెట్, పుట్టగొడుగుల విషయంలో డాక్టరు చెప్పినట్టు నడుచుకోండి. బళ్లో మేష్టారికి కూడా విషయం చెప్పి, పరీక్షలో కాస్త ఎక్కువ సమయమో, రాసిపెట్టే మనిషినో అడగండి. ఎక్కడికెళ్లాలో తోచకపోతే, 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. తోడబుట్టినవాళ్లనీ వెంట తీసుకెళ్లండి.