ఆకాశానికి ఆఫీసు టైము పెడితే...

ఇవాళ యుద్ధ విమానాల గురించి రాస్తున్నా. మనకెందుకురా ఈ గోల అనుకోకండి, చివరిదాకా చదవండి.

2014 ఫిబ్రవరి 17. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం అడిస్ అబాబా నుంచి రోమ్ వెళ్తోంది. లోపల 202 మంది. పైలట్ బాత్రూమ్‌కి వెళ్లగానే కో-పైలట్ కాక్‌పిట్ తలుపు గడి పెట్టుకుని, విమానాన్ని స్విట్జర్లాండ్‌లోని జెనీవాకి తిప్పేశాడు. ఇటలీ ఫైటర్లు వచ్చాయి, తర్వాత ఫ్రాన్స్‌వి వచ్చాయి. ఉదయం ఆరింటికి విమానం జెనీవాలో దిగింది.

మరి స్విట్జర్లాండ్ ఫైటర్లు ఏవీ? రాలేదు! వాళ్ల డ్యూటీ పొద్దున 8 నుంచి 12, మళ్లీ మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి 5. అంతే. అడిగితే బడ్జెట్టు లేదు, మనుషులు చాలరు అన్నారు. ఆ కో-పైలట్ ఆశ్రయం కోసం వచ్చాడు గనక అందరూ క్షేమంగా దిగారు. వేరే ఆలోచన ఉన్నవాడైతే?

లోకమంతా నవ్వింది. తర్వాత వాళ్లు మెల్లగా టైము పెంచుకుంటూ వచ్చి, 2020 ఆఖరు నుంచి రెండు విమానాలను రాత్రింబవళ్లు సిద్ధంగా ఉంచుతున్నారు. ఆర్డరొస్తే 15 నిమిషాల్లో గాల్లో ఉండాలి. పైలట్లు, మెకానిక్‌లు వంతులవారీగా విమానాల దగ్గరే ఉంటారు. ఆయిలు ముందే కొట్టి ఉంటుంది. ఇలాంటి కాపలాలో చాలాసార్లు తేలేది రేడియో పలకని మామూలు విమానమే. ఫైటర్ పక్కకెళ్లి రెక్కలు ఊపుతుంది, అంటే నా వెంట రమ్మని. అవతలివాడూ రెక్కలు ఊపితే సరేనని.

ఊరికే కూర్చోబెట్టడానికి అంత ఖర్చా అంటారు కొందరు. నేనొకటి అడుగుతా. మొక్కజొన్న చేలో మంచె మీద రాత్రంతా కాపలా పెడతాం. ఆ రాత్రి పందులు రాలేదని కూలి దండగ అంటామా? పందులు టైము చూసుకుని వస్తాయా?

రెండేళ్ల కిందట మా గేదె రాత్రి పదకొండింటికి ఈనడం మొదలెట్టింది. దూడ అడ్డం తిరిగింది. ఆసుపత్రికి తాళం. ఎవరికి ఫోన్ చేసినా ఎత్తలేదు. తెల్లారాక డాక్టరు గారొచ్చి గేదెను బతికించారు, దూడ దక్కలేదు. ఆయన్ని నేను అనను. ఒక్క మనిషి, చుట్టూ ఇన్ని ఊళ్లు, ఆయనా నిద్రపోవాలి కదా. తప్పు, రాత్రికి వంతు మనిషిని పెట్టని ఏర్పాటుది.

అందుకే నా మాట ఇది. మండలానికి ఒక్కరైనా రాత్రి డ్యూటీలో ఉండేట్టు మనమంతా కలిసి అడగాలి. ఒక్కడు అడిగితే అర్జీ, ఊరంతా అడిగితే లెక్క.

రెండోది మన చేతిలోనే ఉంది. ఎండలు ముదిరితే గడ్డివాములు తగలబడతాయి. ఫైరింజన్ వచ్చేసరికి బూడిదే మిగులుతుంది. ఊళ్లో ఒక ట్యాంకరు నిండా నీళ్లు పోసి, ట్రాక్టరు తగిలించి, వారానికి ఇద్దరు చొప్పున వంతు వేసుకుందాం. డీజిల్ అందరం పంచుకుందాం. వేసవంతా అది కదలకపోతే డబ్బు పోయిందని ఏడవకండి, అది కదలకపోవడమే మన అదృష్టం.

మొదటి వారం వంతు నాది. రెండో వారం ఎవరు? కింద రాయండి.