ఆచారం పేరు చెప్పి కొట్టే చెయ్యిని కాపాడొద్దు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న హాస్టళ్లలో, ఎల్లారెడ్డిగూడ సందుల్లోని ఒంటి గదుల్లో, పంజాగుట్ట షాపుల్లో, ఆసుపత్రుల్లో ఇప్పుడు మనోళ్లు ఉన్నారు. ఉట్నూరు నుంచి, ఏటూరునాగారం నుంచి, భద్రాచలం నుంచి వచ్చి కోచింగ్ తీసుకుంటున్నారు, కౌంటర్ల దగ్గర రోజంతా నిలబడుతున్నారు, నైట్ డ్యూటీలు చేస్తున్నారు. పోడు పట్టాల మీద మీటింగ్ అంటే అందరం వస్తాం. జీవో 3 గురించి గంటసేపు మాట్లాడతాం. పక్క గదిలో ఒక అక్కను భర్త కొడుతుంటే మాత్రం టీవీ సౌండ్ పెంచుతాం. "వాళ్లింటి విషయం, మనకెందుకు" అంటాం.

ఈ మాటతోనే నా కొట్లాట.

"ఇవన్నీ బయటపెడితే ఆదివాసీల పరువు పోతది" అనేవాళ్లకు ముందు ఒక లెక్క చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించారు. ఇది అన్ని కులాలు, అన్ని మతాలు కలిపిన లెక్క. అదే సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సరైనదే అన్న ఆడవాళ్లు మన రాష్ట్రంలో 80 శాతం పైనే. అంటే ఇది మన జాతికి మాత్రమే ఉన్న జబ్బు కాదు. అట్లాగని మన ఇళ్లల్లో లేదని కూడా కాదు. పరువు పోయేది కొట్టినందుకా, చెప్పినందుకా?

హింస అంటే దెబ్బలు మాత్రమే అనుకోవద్దు. 2005 గృహహింస చట్టం నాలుగు రకాలు చెప్తుంది: శారీరక, లైంగిక, మాటలతో మనసుతో చేసేది, ఆర్థిక హింస. మన చుట్టూ అది ఎట్లా ఉంటదో చూడండి. ఆమె జీతం పడిన రోజే ఏటీఎం కార్డు అతని జేబులో ఉంటుంది. డ్యూటీలో ఉండగా పది ఫోన్లు, ఎత్తకపోతే రాత్రికి గొడవ. షాపు ముందుకొచ్చి నలుగురిలో తిట్టడం. గ్రూప్స్ రాస్తానంటే సర్టిఫికెట్లు దాచేయడం. ఇష్టం లేదన్నా వినకపోవడం. "పిల్లల్ని ఊరికి తీసుకుపోతా, నీకు చూపించ" అని బెదిరించడం. ఒంటి మీద ఒక్క మచ్చ లేకపోయినా ఇదంతా హింసే.

ఇక అసలు మాట. "మన ఆచారం వేరు, ఆ చట్టాలు మనకు వర్తించవు" అని మన సంఘాల్లోనే కొందరు చదువుకున్న అన్నలు అంటున్నారు. ఇందులో సగమే నిజం. కేంద్రం నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. కానీ గృహహింస చట్టం కులం చూడదు, తెగ చూడదు, పెళ్లి ఏ పద్ధతిలో జరిగిందో చూడదు. మ్యారేజ్ సర్టిఫికెట్ లేకపోయినా, పెళ్లిలాంటి బంధంలో కలిసి ఉన్నా వర్తిస్తుంది. పెసా చట్టం మన ఆచారాన్ని, మన తీర్పు పద్ధతిని కాపాడటానికి వచ్చింది, ఆడదాన్ని కొట్టే లైసెన్సుగా కాదు. ఆమె పెద్దమనుషుల ముందు మాట్లాడతానంటే అది ఆమె ఇష్టం. ఆమె నోరు మూయించి, తప్పు కట్టించి, మళ్లీ అదే గదికి పంపితే అది తీర్పు కాదు. పంచాయితీ అయిందని పోలీస్ స్టేషన్, కోర్టు తలుపులు మూసుకుపోవు.

"కేసు పెట్టాలంటే ఊరికి పోవాలి కదా" అని భయపడే అక్కలకు ఒక మాట. అక్కర్లేదు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట గానీ, పనిచేస్తున్న చోట గానీ ఉన్న మేజిస్ట్రేట్ కోర్టులోనే అడగొచ్చు. రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, మూడూ అక్కడే. ఇల్లు అతని పేరు మీద ఉన్నా ఆమెను ఊరికే వెళ్లగొట్టలేడు. ఎస్టీ మహిళకు ఉచిత లాయర్ ఇవ్వాలి, ఆదాయం ఎంతని అడగకూడదు. దానికి 15100.

ఇప్పుడు మన పని. ఈ చట్టంలో నాలుగో సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందని నమ్మిన ఎవరైనా రక్షణాధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదు. ఎవరైనా అంటే పక్క గది తమ్ముడు, హాస్టల్ వార్డెన్, కౌంటర్‌లో పక్కన నిలబడే చెల్లె. "నా మీదికొస్తది" అనే సాకు ఇక చెల్లదు.

షాపులో, ఆఫీసులో ఉన్నోళ్లకు ఇంకో మాట. 2013 చట్టం కింద వేసే కమిటీ పనిచోట లైంగిక వేధింపుల కోసం, భర్త కొడితే అది విచారించదు. కానీ సూపర్‌వైజర్ షిఫ్ట్ మార్చగలడు. జీతం ఆమె సొంత ఖాతాలోనే వేయించగలడు. అతను ఫోన్ చేస్తే ఆమె ఏ టైముకు దిగుతుందో చెప్పకుండా ఉండగలడు. 2019 నుంచి న్యూజిలాండ్‌లో గృహహింస బాధితులకు ఏడాదికి పది రోజుల జీతంతో సెలవు ఉంది. మనకు అట్లాంటి చట్టం లేదు. కాబట్టి కోర్టుకు పోయే రోజు జీతం కోయొద్దని అడగాల్సింది తోటి పనివాళ్లే.

ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. "ఎందుకు భరిస్తున్నావు" అనొద్దు, "నీకేం కావాలి, నేను తోడొస్తా" అనండి. అడగకుండా గ్రూపుల్లో పెట్టొద్దు. నలుగురు పోయి అతన్ని కొట్టి రావద్దు, ఆ కోపం రాత్రికి ఆమె మీదే తీరుతుంది. ఆధార్, కుల సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు నమ్మకమైన చోట దాచిపెట్టండి. ఆసుపత్రికి పోతే "మెట్ల మీద పడ్డా" అనకుండా జరిగింది చెప్పి రాయించుకోమనండి. ప్రాణం మీదికొస్తే 112. సలహాకు, సాయానికి ఏ టైములోనైనా 181. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు, లాయరు సాయం, కొన్ని రోజుల ఆశ్రయం ఒకే చోట దొరుకుతాయి. నగరంలో పోలీసుల భరోసా కేంద్రం 2016 నుంచి ఉంది. అమీర్‌పేట పక్కనే మధురానగర్‌లో ఆడవాళ్ల కోసం ప్రభుత్వ స్టేట్ హోం ఉంది. దారి తెలియదంటే మీరు తీసుకుపోండి.

మన సంఘాలకు ఒక్కటే డిమాండ్. కొట్టేవాడికి స్టేజీ మీద కుర్చీ వేయొద్దు, ఎంత పెద్ద లీడరైనా సరే. ప్రతి కమిటీలో ఒక అక్క నంబరు, ఏ రాత్రైనా ఎత్తే నంబరు ఉండాలి. అడవి మీద హక్కు అడిగే జాతి, తన ఆడబిడ్డకు ఒంటి గదిలో భయం లేకుండా పడుకునే హక్కు ఇవ్వలేకపోతే మన నినాదాలు ఎవరి కోసం?

ఈ రాత్రి పక్క గదిలో అరుపు వినిపిస్తే టీవీ సౌండ్ తగ్గించండి. పోయి తలుపు కొట్టండి.