దేశభక్తికి డిపాజిట్ ఎంత?

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. పోలింగ్ వాయిదా పడింది. బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది. దేశమంతా నవ్వింది. వీళ్లకు పిచ్చి ముదిరిందన్నారు, ప్రజాస్వామ్యాన్ని నవ్వులపాలు చేస్తున్నారన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక తెలుగునేల మీద అంతకు మించిన దేశభక్తి పని జరిగి ఉంటే ఎవరైనా చూపించండి. నాకైతే కనబడలేదు.

గెలుద్దామని వేసిన నామినేషన్లు కావవి, మంచినీళ్ల కోసం వేసినవి. మర్రిగూడ, మునుగోడు, చండూరు మెట్టల్లో బోరు ఎంత లోతుకు దించితే రాతిపొరల ఫ్లోరైడ్ అంతగా పైకి వస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ బోర్లు ఆ హద్దును ఎప్పుడో దాటేశాయి. ముందు పిల్లల పళ్లకు గోధుమరంగు గార పడుతుంది, అది తోమినా పోదు. తర్వాత వంతు ఎముకలది. మెడ తిరగదు, నడుము నిలవదు, మోచెయ్యి సాగదు. పాతికేళ్ల మనిషి కర్ర పట్టుకుని నడుస్తాడు.

ఈ జబ్బు సంగతి సర్కారుకు తెలియదా? అప్పటి నెల్లూరు జిల్లాలో 1937లోనే డాక్టర్లు దీన్ని గుర్తించి రాశారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసింది నల్గొండ గడ్డ మీదే. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు పచ్చబడింది, మెట్ట మాత్రం బోరునే నమ్ముకుంది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి శాస్త్రవేత్తలు నల్గొండ పేరే పెట్టారు. ఆ పేరు విదేశీ పుస్తకాలకు కూడా ఎక్కింది. ఊరికి మాత్రం నీళ్లు రాలేదు.

ఇంకొక సంగతి. రోజూ బడిలో పిల్లలు చెప్పే జాతీయ ప్రతిజ్ఞను రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావుది ఈ నల్గొండ జిల్లా అన్నెపర్తే. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు కుడిచెయ్యి నిటారుగా ముందుకు చాచాలి కదా. రచయిత సొంత జిల్లాలో మోచేతులు బిగుసుకుపోయిన పిల్లలు ఆ చెయ్యి ఎట్లా చాచాలి? భారతీయులందరూ సోదరులని నోటితో చెప్పించిన రాజ్యం, ఆ సోదరుడి గ్లాసులో ఏముందో ఎన్నేళ్లు పట్టించుకుంది?

ఇలా అడిగితే చాలు, ఎగిరిపడేవాళ్లున్నారు. దేశం పరువు తీస్తున్నావంటారు. పంద్రాగస్టు నాడు మూడు రంగుల బొమ్మను వంద గ్రూపుల్లోకి పంపి, సాయంత్రానికి సెలవు అయిపోయిందే అని బాధపడే జాతి ఇది. సినిమా హాల్లో జాతీయగీతం వస్తుంటే పక్కవాడు లేచాడా లేదా అని మెడ తిప్పి చూస్తారు. ఆ మెడ తిరగడం కూడా ఒక భాగ్యమని వాళ్లకు తెలియదు. ఇక విమానమెక్కి వెళ్లినవాళ్ల పాట వేరు. ఈ దేశం బాగుపడదని అక్కణ్ణుంచి తీర్పులిస్తారు, మళ్లీ అక్కడే జెండావందనం చేసి ఫొటోలు పెడతారు. ఈ రెండు రకాలవాళ్లకీ దేశమంటే బొమ్మే. ఒకడు దండం పెడతాడు, ఇంకొకడు పెదవి విరుస్తాడు. దాన్ని బాగుచేసే పనికి ఇద్దరూ రారు.

480 మంది వెనక ఉన్నది జల సాధన సమితి. బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చిన దుశర్ల సత్యనారాయణ దాన్ని నడిపారు. వాళ్లు బస్సులు తగలబెట్టలేదు. రాజ్యం ఇచ్చిన ఫారమే తీసుకుని, రాజ్యం పెట్టిన నియమం ప్రకారమే నింపి, అడిగిన 500 రూపాయల డిపాజిట్ కట్టి, రాజ్యం గొంతుకే అడ్డం పడ్డారు. ఓట్ల లెక్కలో ఓడిపోయారు, సీటు కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ఆ రోజు నుంచి మాత్రం నల్గొండ నీళ్ల సంగతి మాకు తెలియదని ఢిల్లీలో ఎవడూ అనలేకపోయాడు.

అప్పుడు రాజ్యం ఏం చేసిందనుకున్నారు? అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000కి పెంచింది. గుర్తింపు పార్టీ లేనివాడికి పదిమంది ప్రతిపాదకులు కావాలంది. ఫారం ధర పెంచడానికి నెలలు చాలాయి, ఊరికి నీళ్లు ఇవ్వడానికి ఏళ్లూ పూళ్లూ పట్టాయి. మార్పు ఎట్లా వస్తుందని అడిగేవాళ్లు ఈ వరసను బాగా చూడాలి. ముందు నవ్వుతారు, తర్వాత దారి మూస్తారు, అప్పటికీ వదలకపోతే ఒక పథకం కాగితం మీదికి వస్తుంది. చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది 2015లో. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక ప్రతి పార్టీ ఆ ఘనత తనదే అంది. ఎవరో ఒక మహానుభావుడు వచ్చి ఉద్ధరిస్తాడని కూర్చుని ఉంటే ఈనాటికీ బోరునీళ్లే. వంగిన ఎముకలను ఏ పథకమూ సరిచేయలేదు, ఆ లెక్క ఎవరి ఖాతాలోనూ లేదు.

కథ అక్కడితో అయిపోలేదు. శ్రీశైలం నుంచి నల్గొండకు నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్‌ల నుంచి వచ్చినవాళ్లు. నెలలపాటు తవ్వినా ఇద్దరి మృతదేహాలే బయటికొచ్చాయి. మన నీళ్ల కోసం చచ్చిన పరాయి రాష్ట్రాల బిడ్డలు వీళ్లు. సరిహద్దులో నేలకొరిగిన జవాను పేరు మనకు నోటికి వస్తుంది, రావాలి కూడా. ఈ ఎనిమిది మందిలో ఒక్కరి పేరైనా చెప్పగల దేశభక్తుడు ఉంటే ముందుకు రావాలి. సొరంగం ఎందుకు కూలింది, రాయి పరీక్షలు ఎవరు చేశారు, పని ఆపమని ఎవరైనా చెప్పారా అని అడగడం దేశద్రోహమైతే, ఆ బిరుదు నాకూ ఇవ్వండి, సంతోషంగా తీసుకుంటాను.

జెండా మోసే ఓపిక ఉన్నవాళ్లకు ఒక తేలిక పని కూడా చెబుతాను. మీ ఊరి ట్యాంకు నీళ్లను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఫ్లోరైడ్ ఎంత తేలింది, రిపోర్టు నకలు ఇవ్వండి అని గ్రామ పంచాయతీకి సమాచార హక్కు కింద దరఖాస్తు రాయండి. ఊరి స్థాయిలో దానికి ఫీజు లేదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు వేయండి.