లేత గోధుమ రంగు బండ: రంగు కాదు, రకం చెప్పి అమ్మాలి

గోడలకు, హాళ్లకు లేత గోధుమ రంగు రాయి కావాలని అడిగే ఖాతాదారులు నల్గొండ, మహబూబ్‌నగర్ డిపోలకు వస్తూనే ఉన్నారు. బజారులో దీనికి 'బీజ్' అని పేరు. ఆ పేరు కింద దిగుమతి పాలరాయి, తాండూరు పసుపు నాపరాయి, రాతిని పోలిన టైలు మూడూ చేతులు మారుతున్నవి. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఈ జిల్లాల గ్రానైటు ఎక్కువగా బూడిద, గులాబి ఛాయలది. వాడపల్లి వైపు సున్నపురాయి ప్రధానంగా సిమెంటు ఫ్యాక్టరీలకే పోతున్నది. కనుక దగ్గరలో గోధుమ రంగు బండ కావాలంటే కొడంగల్ దాటి తాండూరు వెళ్లవలసిందే. (కొడంగల్ 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే.)

తాండూరు నాపరాయి సున్నపురాయి జాతి. యాసిడ్ పడితే నురగలు కక్కి పాలిష్ పోగొట్టుకుంటుంది. నిమ్మరసం, చింతపండు పులుసు కూడా మచ్చ చేస్తవి. హాలుకు, వరండాకు, లోపలి గోడకు ఇది మంచి సరకే. వంటింటి గట్టుకు, యాసిడ్‌తో కడిగే స్నానాల గదికి గ్రానైటే మేలు.

గోడకు వాడేటప్పుడు బరువు మరువరాదు. 20 మి.మీ. మందం బండ చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. రెండడుగుల చదరపు బండ 20 కిలోలకు దగ్గర. ఎత్తయిన గోడకు ఒట్టి సిమెంటును నమ్మరాదు, తుప్పు పట్టని స్టీలు క్లాంపులు వేయాలి. మామూలు ఇనుము తుప్పు కారితే లేత రంగుపై మరక పడుతుంది.

గనిలో పొర మారితే ఛాయ మారుతుంది. ఒక గదికి ఒకే లాటు ఇవ్వాలి. బండలు అతికించే ముందు నేలపై పరచి, తడిపి చూడమని మేస్త్రీకి చెప్పాలి.

ఇవన్నీ చెబితే బేరం టైలుకు పోతుందని కొందరు వర్తకుల భయం. చెప్పకుండా అమ్మితే, ఏడాదికి నేల మచ్చలు పడిన ఖాతాదారుడు తనతోపాటు బంధువులను కూడా టైలు దుకాణానికే తీసుకుపోతాడు. నాపరాయికి ఉన్న బలం వేరు: గీతలు పడితే మళ్లీ పాలిష్ పట్టవచ్చును. అచ్చు రంగు టైలుకు ఆ వీలు లేదు.

కనుక బిల్లులో 'బీజ్' అని వదిలేయక రాయి పేరు, మందం, లాటు రాయడం మంచిది. దళారులు కూడా ఈ మూడూ అడిగిన తరువాతే బేరం కుదర్చాలి. పాలరాయి ధర చెప్పి నాపరాయి దించితే ఆ లోడు లాభం మిగులుతుందేమో గాని, డిపో పేరు మిగలదు.