పటంలో లేని కల్లం

పోయిన వారం ఆర్మూరు పక్కనున్న పెర్కిట్‌లో ఒక మిత్రుడి ఇంటికి వెళ్లాను. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి ఆయనకు నాలుగు రోజులైంది. ఇంటర్ చదివే కొడుకు కంప్యూటర్ ముందు కూర్చుని జాయ్‌స్టిక్‌తో యుద్ధ విమానం నడుపుతున్నాడు. తెర మీద సముద్రం, దాని ఒడ్డున ఇసుక, ఆ ఇసుకలోంచి నిటారుగా లేచిన గాజు గోపురం. తండ్రి చటుక్కున గుర్తుపట్టాడు. "అగో, బుర్జ్ ఖలీఫా! ఇటు తిప్పు బిడ్డా, గా రోడ్డెంబడి పో. మా క్యాంపు అటే ఉంటది." పిల్లవాడు విమానాన్ని ఒక రెక్క మీదికి వంచి షార్జా వైపు మళ్లించాడు. కాసేపు తండ్రీకొడుకులిద్దరూ మాట్లాడకుండా కిందికి చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఆయనే అడిగాడు.

"గింత మంచిగ దుబాయ్ పెట్టిండ్రు. మరి మన ఆర్మూరేది రా?"

"లేదు బాపూ. దీంట్ల ఇండియా పటమే లేదు."

ఆ జవాబు వారం రోజులుగా నన్ను వదల్లేదు. ఆ ఆట పేరు డీసీఎస్ వరల్డ్. అందులో పర్షియన్ గల్ఫ్ పటం 2018లో వచ్చింది. దుబాయ్, షార్జా విమానాశ్రయాలు, హోర్ముజ్ జలసంధి, అవతలి ఒడ్డున ఇరాన్ బందర్ అబ్బాస్ అన్నీ అందులో ఉన్నాయి. మన ఇళ్లలోని మగవాళ్లు సగం జీవితం గడిపిన ఊళ్లు ఇంత వివరంగా ఉన్నాయి. వాళ్లు ఎవరి కోసం అక్కడికి వెళ్లారో, ఆ ఊళ్లు మాత్రం లేవు.

ఆర్మూరులో ఈ సిమ్యులేటర్లు ఆడే పిల్లలు ఎందరో లేరు, వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జాయ్‌స్టిక్ గల్ఫ్ నుంచి ఎవరో తెచ్చినదై ఉంటుంది, కంప్యూటర్ వాళ్ల అన్న ఇంజినీరింగ్ చదివేటప్పుడు కొన్నది. కానీ వాళ్లను కూర్చోబెట్టి "మీకు ఈ ఆటలో ఏం కావాలి?" అని అడిగి చూడండి. కొత్త క్షిపణి కావాలని ఒకడంటాడు, నిజమే. భారత వైమానిక దళం వాడిన మిగ్-21 బైసన్ కావాలని ఇంకొకడంటాడు. 2014 నుంచి మిగ్-21బిస్ ఆ ఆటలో ఉంది, మన దగ్గర ఆధునికీకరించిన బైసన్ మాత్రం అందులో లేదు. 1963లో మన దళంలో చేరిన మిగ్-21, 62 ఏళ్ల తర్వాత 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. ఇక దాన్ని ఆకాశంలో చూడలేని పిల్లలు తెర మీదైనా చూడాలనుకోవడం సహజమే. ఇలా మాటలు సాగి సాగి చివరికి అందరూ ఒక్కచోటికే వస్తారు: మన నేల కావాలి. గోదావరి, పోచంపాడు ఆనకట్ట, 44వ నంబరు జాతీయ రహదారి, సిద్ధుల గుట్ట.

ఈ కోరికను ఎక్కడో దూరదేశంలోని కంపెనీకి అర్జీగా పెట్టుకుని ఎదురుచూడనక్కర్లేదు. పనిలో చాలా భాగం ఇక్కడే చేసుకోవచ్చు, చేసుకోవాలి. ఇవాళ నేను చెప్పదలచింది అదే.

నేల ఎత్తుపల్లాల లెక్క ఇప్పటికే ఉంది. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక 11 రోజుల పాటు తిరుగుతూ రాడార్‌తో భూమిని కొలిచింది. ఆ కొలతలు ఒక్కో డిగ్రీ చదరానికి ఒక్కో ఫైలుగా ఉచితంగా దొరుకుతాయి. మన ఫైలు పేరు ఎన్18ఈ078. నిజామాబాద్, ఆర్మూరు, కామారెడ్డి, పోచంపాడు ఆనకట్ట అన్నీ ఆ ఒక్క ఫైలులోనే ఒదిగి ఉన్నాయి. రోడ్లు, వాగులు, చెరువుల గీతలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉన్నాయి, లేనివి ఎవరైనా గీయవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2009 నుంచి భువన్ అనే పటాల వెబ్‌సైటును నడుపుతోంది. ఉపగ్రహాల కళ్లతో దేశాన్నంతా చూసే సంస్థ మన రాష్ట్రంలోనే ఉంది.

ఇక విమానం ఎగరడానికి ఫ్లైట్‌గేర్ ఉంది. 1997లో మొదటిసారి విడుదలైన ఆ సిమ్యులేటర్ పూర్తిగా ఉచితం, దాని లోపలి కోడ్‌ను విప్పి చూసి మార్చుకోవచ్చు. ప్రపంచమంతా అందులో ఉంది కాబట్టి ఆర్మూరూ ఉంది. యుద్ధ విమానాలూ ఉన్నాయి. అయితే అందులో ఆర్మూరు మీద ఎగిరితే కనిపించేది ఏ ఊరైనా కావచ్చనిపించే ఒక మైదానం. మాడ్‌లు, అంటే ఆటకు సొంతంగా మార్పులు చేర్పులు, చేసేవాళ్ల అసలు పని అక్కడే మొదలవుతుంది.

సిద్ధుల గుట్టనే తీసుకోండి. నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుట్ట మన ఊరి ముఖం. రాడార్ కొలతలు సుమారు 30 మీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. ఇంటంత బండ కూడా రెండు కొలతల నడుమ జారిపోతుంది. అందుకే తెర మీద గుట్ట నున్నటి దిబ్బలా కనిపిస్తుంది. దాన్ని సరిచేయాలంటే ఎవరో ఒకరు కెమెరా పట్టుకుని గుట్ట చుట్టూ తిరగాలి. బండల వరుసను, మెట్ల దారిని, పైనున్న నవనాథ సిద్ధేశ్వరాలయాన్ని ఫొటోలు తీసి, బ్లెండర్‌లో చేత్తో నిర్మించాలి. బ్లెండర్ కూడా ఉచితమే. దీనికి అమెరికా ఇంజినీరు పనికిరాడు. రోజూ ఆ గుట్టను చూసే కళ్లు కావాలి.

మన పొలాల్లో పండే పసుపు సంగతి ఇంకా లోతైనది. సిమ్యులేటర్‌లో నేల మీద పరిచే బొమ్మ ఏదో ఒక రోజున తీసిన ఉపగ్రహ చిత్రం. ఆ రోజు సెప్టెంబర్‌దైతే ఊరు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, మే నెలదైతే ఎప్పుడూ ఎండిపోయి ఉంటుంది. మన దగ్గర నేల నెలకో రంగు మారుతుంది. జూన్‌లో విత్తిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది. సంక్రాంతి దాటాక ఆకు కోసి, తవ్వి, ఉడకబెట్టి కల్లంలో ఆరబోస్తారు. అప్పుడు అంకాపూర్ నుంచి ఈ చివరి వరకు నేల మీద పసుపు కంబళ్లు పరిచినట్టుంటుంది. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు అయిదు రోజులకొకసారి మన మీదుగా పోతూ 10 మీటర్లకు ఒక చుక్క చొప్పున ఫొటో తీస్తాయి. అవీ ఉచితమే. 20 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు ఉన్న కల్లం ఆ ఫొటోలో ఆరు చుక్కలు. ఆ ఆరు చుక్కలు ఫిబ్రవరిలో పసుపురంగులోకి తిరగాలి, ఏప్రిల్‌లో మట్టిరంగుకు రావాలి. రుతువును బట్టి నేల రంగు మారే పటం కావాలన్నది నేను విన్న కోరికలన్నిటిలోకీ గొప్పది. దాన్ని అడిగింది పదో తరగతి పిల్లవాడు.

జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా వింటున్నాం. మాడ్‌లో ఆ రన్‌వేను ఒక్క సాయంత్రంలో వేయవచ్చు. వేసి, గాలి ఎటు వీస్తే ఎటు నుంచి దిగాలో, ఏ గుట్ట అడ్డొస్తుందో, ఏ ఊళ్ల మీద చప్పుడు పడుతుందో చూడవచ్చు. పెద్దలు కాగితాల మీద మాట్లాడుకునే విషయాన్ని పిల్లలు గాలిలోంచి చూసి ప్రశ్నలు వేయగలరు.

ఇక వాళ్లు నన్ను అడిగే చిన్న ప్రశ్నలు. "మాడ్ ఫైల్ ఏ ఫోల్డర్ల వెయ్యాలె?" "అప్‌డేట్ రాంగనే నా విమానం మాయమైంది, ఎందుకు?" రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. ఆట అసలు ఫోల్డర్‌లో చెయ్యి పెట్టకూడదు. డీసీఎస్‌లోనైతే సేవ్డ్ గేమ్స్ కింద మాడ్స్‌కు, లివరీస్‌కు (విమానాల రంగులకు) వేరే చోటు ఉంటుంది. అక్కడ వేసుకుంటే అప్‌డేట్ దాని జోలికి రాదు. "ఆన్‌లైన్ సర్వర్ నన్ను ఎందుకు రానిస్తలేదు?" ఎందుకంటే సర్వర్ ఫైళ్లను సరిచూస్తుంది. క్షిపణి దూరం పెంచుకున్నవాడు, పెంచుకోనివాడు ఒకే ఆకాశంలో ఎగరడం న్యాయం కాదు. ఇది పిల్లలకు ఒక్కసారి చెబితే అర్థమవుతుంది.

మరీ ముఖ్యమైన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు, నేనే చెబుతాను. ఇంకొకరు చేసిన విమానాన్ని తీసుకుని రంగు మార్చి మనదని పెట్టుకోకూడదు. అనుమతి అడగాలి, పేరు రాయాలి. 1998లో మైక్రోప్రోస్ కంపెనీ ఫాల్కన్ 4.0 అనే సిమ్యులేటర్ తెచ్చింది. 2000లో దాని సోర్స్ కోడ్ బయటికి పొక్కింది. తర్వాత అభిమానులు దాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి చెక్కి చెక్కి ఫాల్కన్ బీఎంఎస్‌గా ఇవాళ్టికీ బతికించారు. అంత చేసిన వాళ్లు కూడా అసలు ఆట కొన్నవాళ్లకే తమది నడిచేలా ఉంచారు. డీసీఎస్‌లో ఏ-4 స్కైహాక్‌ను ఔత్సాహికులే తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. మన పిల్లలు చేరవలసిన వరుస అది.

లిపి విషయం నాకు బాధగా ఉంటుంది. ఒక అబ్బాయి ఆటలో తాను తయారుచేసిన మిషన్‌కు ముందుమాట తెలుగులో రాశాడు. తెర మీద వత్తులు విడిపోయి, గుడులు పక్కకు జరిగి వచ్చాయి. 'శ్రీ' మనకు ఒక అక్షరం. కంప్యూటర్‌కు అది నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ నాలుగింటినీ కలిపి ఒక రూపంగా అల్లే పని ఆట ఇంజన్ చేయాలి. చాలా ఆటల ఇంజన్లు ఇంగ్లిష్ అక్షరాల్లా ఒక్కోదాన్ని విడివిడిగా పక్కపక్కన పెట్టి ఊరుకుంటాయి. తెలుగు 1991 నుంచీ యూనికోడ్‌లో ఉంది. ఆ అల్లిక చేసే హార్ఫ్‌బజ్ లైబ్రరీ ఉచితంగా ఉంది. సురవరం, మండలి లాంటి ఫాంట్లు ఎవరైనా వాడుకోవచ్చు. ఇన్నీ ఉండి కూడా ఆ అబ్బాయి చివరికి ముందుమాటను తీసేసి ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాసుకున్నాడు. ఆ లోటును సరిచేయడం ఏ విమానం కన్నా ముందు జరగాలని నా కోరిక.

కొందరు తల్లిదండ్రులు నన్ను నిలదీస్తారు. యుద్ధం ఆటేమిటి, చదువుకునే వయసులో? వాళ్ల ఆందోళన నాకూ ఉంది. అందుకే పిల్లలకు మన చరిత్ర చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళానికి 152వ స్క్వాడ్రన్ ఉండేది. దాని పేరులోనే హైదరాబాద్ ఉండేది. ఎందుకంటే అది నిజాం కానుక. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉండేది. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన వార్మ్‌వెల్ నుంచి ఆ స్పిట్‌ఫైర్లు జర్మన్ విమానాలతో తలపడ్డాయి. వాటి పక్కల మీద యూఎం అని రాసి ఉండేది. తర్వాత బర్మా యుద్ధంలో అదే దళం వాళ్లు తమ విమానాల మీద దూకే నల్ల చిరుతను గీసుకున్నారు. అంతకుముందే 1918లో 110వ స్క్వాడ్రన్‌కు విమానాలన్నీ నిజామే ఇచ్చాడు.

ఆ కానుకలకు డబ్బెక్కడిది? నిజాం సంస్థానానికి భూమి శిస్తు పెద్ద ఆదాయం. ఇందూరు (నిజామాబాద్) జిల్లా రైతు కట్టిన శిస్తు పోయింది కూడా ఆ ఖజానాకే. ఐఎల్-2 1946 అనే పాత సిమ్యులేటర్‌లో స్పిట్‌ఫైర్‌కు కొత్త రంగులు వేయాలంటే 1024 చుక్కల చదరపు బొమ్మ ఒకటి చాలు. మామూలు పెయింట్ ప్రోగ్రాంలో గీయవచ్చు. ఒక పిల్లవాడు దాని మీద యూఎం రాసి, నల్ల చిరుత గీశాడు. గీసేటప్పుడు పక్కన కూర్చున్న తాతను అడిగాడు, "తాతా, శిస్తు అంటే ఏంది?" ఆ ఇంట్లో ఆ ప్రశ్న అంతకుముందు ఎన్నడూ వినపడలేదు.

ఇంకో కథ ఉంది, దాంతో మిషన్ చేయమని వాళ్లను పోరుతున్నాను. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాంకు ఆయుధాలు చేరవేశాడు. రాత్రిపూట వచ్చి బీదర్, వరంగల్ ఎయిర్‌ఫీల్డుల్లో దించేవాళ్లు. ఆ మిషన్‌లో తుపాకీ పేల్చే అవసరమే లేదు. చీకట్లో దారి వెతుక్కోవాలి, ఇంధనం లెక్కపెట్టుకోవాలి, కింద రన్‌వే దీపం కనబడాలి. కొన్ని నెలలకే సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, టెంపెస్ట్ విమానాలు నిజాం ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులు వేశాయి. ఆ మిషన్ చేసేవాడు కింద ఉన్న ఊళ్లను వాటి పేర్లతో పెట్టాలి. పైనుంచి చూసేవాడికి ఊరు పేరు తెలిసి ఉండటం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది.

ఊరి పెద్దలను, మున్సిపాలిటీని, కళాశాలలను నేను అడిగేది పెద్దదేం కాదు. గ్రంథాలయంలో ఒక గది, రెండు మంచి కంప్యూటర్లు, తెగని ఇంటర్నెట్. బాలానగర్ కేంద్రం నుంచి ఏడాదికొకసారి ఒక శాస్త్రవేత్తను పిలవండి. ఎత్తుపల్లాల ఫైలు చదవడం నేర్చిన పిల్లవాడు రేపు చెరువు పూడిక లెక్కకడతాడు, పంట విస్తీర్ణం కొలుస్తాడు. ఆ గదిలోకి ఆడపిల్లలను ప్రత్యేకంగా పిలవండి, ఇప్పుడు ఈ ఆటల దగ్గర వాళ్లు లేరు. దేశంలో మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు 2016 జూన్ 18న పట్టా పుచ్చుకున్నది ఎక్కడో కాదు, హైదరాబాద్ శివార్లలోని దుండిగల్‌లో.

నిన్న ఆ మిత్రుడి ఇంటికి మళ్లీ వెళ్లాను. కొడుకు ఈసారి ఫ్లైట్‌గేర్ తెరిచి ఉంచాడు. వారమంతా కూర్చుని పెర్కిట్ చుట్టూ కొంత నేలకు రంగులు దిద్దాడు. రోడ్డు వచ్చింది, చెరువు వచ్చింది, ఇళ్ల వెనక ఒకచోట చిన్న పసుపు మచ్చ. తండ్రి కుర్చీ దగ్గరికి లాక్కుని తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా చూశాడు.

"అది మన కల్లమేనా?"

"ఔ బాపూ."

"తప్పు పెట్టినవ్. కల్లం అటు కాదు, బాయికి తూర్పు దిక్కు. మధ్యల యాపచెట్టు ఉంటది. ఆగు, నేను చెప్త, నువ్వు గియ్యి."