పెళ్లికొడుకు బూట్లు ఎవరు కొనాలి?

రంజాన్ పండుగ వెళ్లి షవ్వాల్ నెల మొదలైందంటే మన ఇళ్లలో పెళ్లి మాటలు జోరందుకుంటాయి. మాటలు కుదిరిన తర్వాత మగపెళ్లివారి ఇంటి నుంచి ఒక చీటీ వస్తుంది. దాన్ని ఎవరూ కోరికల చీటీ అనరు. 'మేమేమీ అడగడం లేదు, మీ అల్లుడికి మీ ముచ్చట' అంటారు. నెల్లూరు తీరంలో, మైపాడు వైపు ఒక ఊరిలో మాకు తెలిసిన కుటుంబానికి అలాంటి చీటీ వచ్చింది. సూటు, షేర్వానీ, చేతి గడియారం తర్వాత నాలుగో వరుసలో 'బూట్లు మూడు జతలు' అని ఉంది. నికాహ్‌కు ఒకటి, వలీమాకు ఒకటి, ఆ తర్వాత జుమాగీలకు ఒకటి. అమ్మాయి తండ్రి కుట్టుమిషను మీద బతికే మనిషి. ఆ చీటీ మాకు చూపించిన రోజున ఆయన కాళ్లకు ఉన్నవి తెగితే పిన్ను పెట్టిన హవాయి చెప్పులు.

బూట్ల గురించి కూడా శుక్రవారం పేజీలో రాయాలా అని పాఠకులు అనుకోవచ్చు. అయితే ఈ ప్రశ్న పద్నాలుగు వందల ఏళ్ల నాడే వచ్చింది. మనిషికి తన దుస్తులు, తన చెప్పులు బాగుండాలని ఉంటుంది కదా, అది అహంకారమవుతుందా అని ఒకరు దైవప్రవక్త (స) వారిని అడిగారు. కాదన్నారు ఆయన. అల్లాహ్ అందాన్ని ఇష్టపడతాడనీ, సత్యాన్ని కాదనడం, తోటివారిని చిన్నచూపు చూడడమే అహంకారమనీ చెప్పారు. సహీహ్ ముస్లింలో ఉన్న హదీసు ఇది. కాబట్టి పెళ్లినాడు మంచి బూట్లు తొడుక్కోవడంలో తప్పేమీ లేదు. అవి ఎవరి సొమ్ముతో వచ్చాయన్నదే ప్రశ్న.

తెలుగులో జోడంటే కాలికి తొడిగేది. ఉర్దూలో జోడా అంటే పెళ్లి దుస్తులు. వరుడికి ఒక జోడా బట్టలు పెట్టడం ఒకప్పుడు ఆప్యాయతగా మొదలై ఉండవచ్చు. రానురాను బట్టల బదులు డబ్బు అడగడం వచ్చింది. 'జోడే కీ రఖం' అని దానికో పేరు పెట్టుకున్నాం. కట్నం అనే మాట వినబడకుండా చెవికి కట్టిన గంత అది. విచిత్రమేమంటే ఇప్పుడు రఖమూ తీసుకుంటున్నారు, బట్టలూ బూట్లూ విడిగా రాయిస్తున్నారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం మహర్‌ను కట్నం కాదని ప్రత్యేకంగా మినహాయించింది. అడగకుండా ఇచ్చే కానుకలు ఆనవాయితీకి, ఇచ్చేవారి స్తోమతకు మించకుండా ఉండాలంది, వాటిని జాబితా రాసి పెట్టుకోవాలంది. అడిగి తీసుకున్న బూట్లు ఆ మినహాయింపులోకి రావు. నికాహ్‌లో ఇవ్వవలసిన చెయ్యి వరుడిది. మహర్ ఇవ్వడానికి వచ్చినవాడు కాళ్లకు మామగారి బాకీ తొడుక్కుని రావడం ఏమి అందం?

బూట్లు వరుడే కొనుక్కోవాలన్నది మా అభిప్రాయం. మూడు జతలు అక్కర్లేదు, ఒక్క జత చాలు. ఆ ఒక్కటి ఎలాంటిదై ఉండాలన్నది తెలిస్తే మూడింటి మాట రాదు.

పగటికి ఒక రంగు, రాత్రికి ఒక రంగు అన్న నియమం మనకు ఇంగ్లీషువారి నుంచి వచ్చింది. వారి పద్ధతిలో బ్రౌన్ బూట్లు పగటికి, పల్లెపట్టుకు. నల్లవి నగరానికి, ఆఫీసుకు, సాయంకాలపు విందుకు. అద్దంలా మెరిసే పేటెంట్ తోలు రాత్రి విందు సూటుకే. ఇందులో కొంత అర్థముంది. ఎండలో లేత రంగు బట్టలకు బ్రౌన్ బాగా కలుస్తుంది, దీపాల వెలుతురులో ముదురు సూటుకు నలుపు నిండుగా ఉంటుంది. కానీ ఈ నియమాన్ని తిరగేసి చూడండి. పగలు నల్ల బూట్లు వేసుకున్నవారిని ఎవరూ తప్పుపట్టరు. రాత్రి నల్ల సూటు కింద బ్రౌన్ వేసుకుంటేనే కళ్లు అటు పోతాయి. జొహర్ తర్వాత నికాహ్, సాయంత్రం వలీమా అనుకుంటే రెండింటికీ నిలిచేది సాదా నల్ల తోలు జత. నికాహ్‌కు తెల్ల కుర్తా పైజామా వేసుకునేవారికి నల్ల బూటు బరువుగా అనిపిస్తే, ఇంట్లో ఉన్న మంచి తోలు చెప్పులు శుభ్రంగా తుడుచుకుని వెళ్లవచ్చు. షేర్వానీ కింద జరీ మోజ్డీలు అందమే. అయితే అవి ఆ ఒక్క పూటకే. మళ్లీ తమ్ముడి పెళ్లికి తీసేసరికి ముక్కు వంగిపోయి ఉంటాయి. వాటిని స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకుంటే ఏం పోయింది?

సూటు కింద వేసే బూట్లలో లేసు కట్టేవి ముఖ్యంగా రెండు రకాలు. లేసు రంధ్రాలున్న రెండు రెక్కలు పైభాగంలో కలిసి కుట్టేసి ఉంటే అది ఆక్స్‌ఫర్డ్. రెక్కలు విడిగా తెరుచుకుంటే డెర్బీ. ఆక్స్‌ఫర్డ్ హుందాతనం ఎక్కువే కానీ, చిన్నప్పటి నుంచి చెప్పుల్లో, ఉత్త కాళ్లతో ఇసుకలో తిరిగి వెడల్పైన మన పాదాలకు డెర్బీ సుఖం. మాకైతే లేసు లేని లోఫరే ఇంకా నచ్చుతుంది. కారణం చెప్పనక్కర్లేదు, మస్జిద్ గుమ్మం ముందు ఖాజీగారిని, సాక్షులను నిలబెట్టి వంగి లేసులు విప్పుతున్న పెళ్లికొడుకులను చాలామందిని చూశాం.

గుమ్మం మాట వచ్చింది కనుక ఒక్క విషయం. ఎంత ఖరీదు బూటయినా నికాహ్ వేళకు బయటే ఉంటుంది. లోపల నలుగురికీ కనబడేది సాక్సు. బొటనవేలు బయటికి తొంగిచూసే సాక్సుతో వేదిక మీద కూర్చున్న వరుడికి ఏ కంపెనీ బూటూ పరువు నిలబెట్టదు. నల్లనివి, నూలువి, కొత్తవి రెండు జతలు కొని జేబులో ఒకటి ఉంచుకోవాలి. మే నెలలో నెల్లూరి ఎండలో ఈ సలహా విలువ పక్కన కూర్చున్నవారికి బాగా తెలుస్తుంది.

కొనే వేళ కూడా చూసుకోవాలి. పొద్దున కన్నా సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి ట్రంక్ రోడ్డు దుకాణాలకు అసర్ తర్వాత వెళ్లండి. పెళ్లినాడు వేసుకోబోయే సాక్సుతోనే కొలవండి. రెండు కాళ్లకూ తొడిగి నడవాలి, చాలామందికి ఒక పాదం రెండోదానికన్నా పెద్దది. ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. తెచ్చాక వారం రోజులు ఇంట్లోనే పూటకు అరగంట చొప్పున తొడుక్కుంటే పెళ్లినాడు మడమ బొబ్బలెక్కదు.

తోలు సంగతి మనకు మరింత ముఖ్యం. జబీహా జంతువుల చర్మం, శుద్ధి చేసిన చర్మం విషయంలో మనకు ఇబ్బంది లేదు. పంది చర్మాన్ని మాత్రం శుద్ధి చేసినా పరిశుద్ధం కాదని అత్యధిక ధర్మవేత్తల మాట. విదేశాల నుంచి వచ్చే బూట్లలో పైతోలు ఆవుదైనా లోపలి అస్తరు పందిదై ఉండే అవకాశం ఉంది. వెలుతురులో పట్టి చూస్తే వెంట్రుక రంధ్రాలు మూడేసి చొప్పున గుంపులుగా కనిపిస్తాయి. నున్నగా తీసేసిన తోలులో ఆ గుర్తు కనబడదు కనుక దుకాణదారుని అడగడమే మేలు. ఇక 'పీయూ తోలు' అని అమ్మేది తోలు కాదు, ప్లాస్టిక్. యూరప్ పద్ధతి లేబుల్ ఉన్న బూట్ల మీద చర్మం ఆకారపు బొమ్మ ఉంటే తోలు, డైమండు బొమ్మ ఉంటే ఇతర పదార్థం.

మంచి తోలు కోసం ఫారిన్ సరుకు వెంట పడనవసరం లేదు. అంబూరు, వాణియంబాడి ఊళ్లలో తోళ్ల శుద్ధి తరతరాలుగా మనవారి వృత్తి. దక్షిణాదిలో ఆ పనికి వాడిన చెక్క మన తంగేడుదే. మద్రాసులో 1948లో పెట్టిన కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసి ప్రపంచంలో పేరు తెచ్చింది తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. 1985లో కనిష్క విమాన పేలుడులో ఆయనను పోగొట్టుకున్నాం. 2022 వరకు మన జిల్లాలోనే ఉన్న తడ మండలంలో, మాంబట్టు ఫ్యాక్టరీలో మన పల్లెల ఆడపిల్లలు అడిడాస్ బూట్లు కుడుతున్నారు. బూట్లు కుట్టే చేతులున్న చోట పెళ్లి బూట్ల కోసం ఒక తండ్రి అప్పు చేయడం మాకు మింగుడుపడలేదు.

ఆ మూడు జతల చీటీ ఏమైందంటారా? జమాఅత్ పెద్దలు ఇద్దరు వెళ్లి మాట్లాడారు. అబ్బాయి చదువుకున్నవాడే. చీటీ వాళ్ల ఫూఫూ రాసిందట, తనకు తెలియదన్నాడు. తెలియదో, తెలియనట్లున్నాడో అల్లాహ్‌కే ఎరుక. చివరికి నల్ల లోఫర్లు ఒక జత తనే కొనుక్కున్నాడు. మరదళ్లు దాచిపెట్టింది కూడా ఆ జతనే. వాళ్లు ఐదు వేలు అడిగితే ఐదొందలకు బేరం తెగింది.

పెళ్లి తర్వాత వాటిని పెట్టెలో పెట్టి బీరువా ఎక్కించవద్దని ఆ అబ్బాయికి చెప్పాం. సముద్రం దగ్గర గాలిలో తేమకు తోలు బూజు పడుతుంది. పాలీయురేథేన్ అడుగులైతే వాడకుండా నాలుగైదేళ్లు ఉంచితే చాలు, ఆ తేమకే లోలోపల పాడై, మరో పెళ్లికి తొడిగి నాలుగడుగులు వేయగానే రొట్టెముక్కల్లా రాలిపోతాయి. రబ్బరు అడుగో, కుట్టిన తోలు అడుగో అయితే అరిగినా మార్పించుకోవచ్చు. శుక్రవారం శుక్రవారం జుమాకు తొడుక్కోవాలి. తడిస్తే ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టి, లోపల పాత దినపత్రిక కాగితాలు ఉండచుట్టి కుక్కాలి. సినిమా పేజీ, షేర్ల ధరల పేజీ అందుకు బాగా పనికొస్తాయి. అల్లాహ్ పేరు, ప్రవక్త (స) వారి పేరు ఉండే ఈ పేజీని మాత్రం ముందుగా విడదీసి పక్కన పెట్టండి.